ఫొహో పేరు వెనక ఇంగ్లీషు బోర్డు లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బ్రెజిల్ జంట నాట్యం ఫొహో గురించి వేసిన వ్యాసం చదివాం. భీమవరం, అమలాపురం, కాకినాడల్లో పెళ్ళికి ముందు రాత్రి సంగీత్ ఇప్పుడు తప్పనిసరి అయిపోయింది. అక్కడ ఏం ఆడాలో తోచక సినిమా స్టెప్పులే మళ్ళీ మళ్ళీ వేసే పిల్లలకి ఇలాంటి వ్యాసం బాగా పనికొస్తుంది. పనికొస్తుంది కాబట్టే అందులోని తప్పుల్ని అలాగే వదిలేయడం మాకు ఇష్టం లేకపోయింది. జంట నాట్యాలు నేర్పేవాళ్ళం కొందరం, హార్మోనియం, డోలు వాయించేవాళ్ళం కొందరం కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాం. పొడుగైందని తెలుసు. ఎక్కడ కోసినా సరే, అడుగుల భాగం మాత్రం కోయవద్దని మనవి.

ముందు ఉచ్చారణ. వ్యాసమంతా 'ఫోర్రో' అని అచ్చయింది. పోర్చుగీసులో మాట మధ్య ర-కారం జంటగా వస్తే బ్రెజిల్‌లో ఎక్కువమంది దాన్ని హ-కారానికి దగ్గరగా పలుకుతారు. 'ఫొహో' అనాలి, ఊనిక రెండో అక్షరం మీద ఉండాలి. యూట్యూబ్‌లో వెతికేవాళ్ళకి స్పెల్లింగ్ ఎలాగూ దొరుకుతుంది గానీ, నోటితో అడిగేటప్పుడు 'ఫోర్రో' అంటే ఆ దేశపువాళ్ళకి అర్థం కాకపోవచ్చు.

ఇక పేరు పుట్టుక. బ్రెజిల్‌లో రైలు మార్గాలు వేసిన ఇంగ్లీషు ఇంజనీర్లు కూలీలకి విందులిచ్చి, ఎవరైనా రావచ్చని తలుపు మీద 'ఫర్ ఆల్' అని బోర్డు కట్టేవారనీ, ఆ మాటే జనం నోట్లో నలిగి ఫొహో అయిందనీ మీ వ్యాసం చెప్పింది. ఈ కథకి ఇంకో రూపం కూడా చెలామణిలో ఉంది. అందులో ఇంజనీర్ల బదులు, రెండో ప్రపంచ యుద్ధంలో నతాల్ అనే ఊళ్ళో దిగిన అమెరికా సైనికులు ఉంటారు. బోర్డు అదే, విందు అదే, దొరలు మాత్రం మారిపోతారు. కథ అక్కడే అనుమానం పుట్టించాలి.

సైనికుల కథ తేదీల దగ్గరే పడిపోతుంది. నతాల్ పక్కన పర్నమిరింలో అమెరికా విమాన స్థావరం 1942లో పని మొదలుపెట్టింది. ఫొహో అన్న మాటని పేరులోనే పెట్టుకున్న గ్రామఫోను రికార్డు 1937లో వచ్చింది. సైనికుడు రాకముందే మాట రికార్డెక్కితే ఇక చెప్పేదేముంది? రైలు కథని ఇంత తేలిగ్గా తేదీతో కొట్టిపారెయ్యలేం. గ్రేట్ వెస్టర్న్ అనే ఇంగ్లీషు కంపెనీ పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి పెర్నంబూకు రాష్ట్రంలో నిజంగానే రైళ్ళు నడిపింది. అయితే ఆ బోర్డు ఫోటో గానీ, ఆ విందు ఆహ్వానపత్రం గానీ, ఆనాటి పత్రికలో ఒక్క ముక్క గానీ ఎవరూ చూపించలేదు. ఆ వివరణ అవసరం కూడా లేదు. ఎందుకంటే ఫొహోకి అసలు మాట అక్కడే, ఆ జనం నోట్లోనే ఉంది.

ఆ మాట 'ఫొహొబొదో'. గోలగోలగా సాగే పేదవాళ్ళ విందు, చిందు, రభస అని అర్థం. 1912లో రియో డి జనీరోలో షికీన్య గొంజాగ సంగీతం కట్టిన ఒక సంగీత నాటకానికి ఇదే పేరు. పెర్నంబూకు రైలు పట్టాలకి చాలా దూరంలో ఉన్న అప్పటి రాజధానిలో, టిక్కెట్టు కొన్న ప్రేక్షకులకి వేరే వివరణ ఇవ్వకుండా నాటకానికి పెట్టగలిగినంతగా ఆ మాట అప్పటికే వాడుకలో ఉందన్నమాట. అందులోని మొదటి రెండు అక్షరాలు మిగిలి, తోక రాలిపోయి ఫొహో అయింది. బ్రెజిల్ జానపద విజ్ఞానానికి పెద్ద దిక్కయిన లూయిస్ ద కామర కాస్కూదు ఈ వ్యుత్పత్తినే చెప్పాడు. ఆయన పుట్టింది, జీవితం గడిపింది, 1986లో పోయింది నతాల్‌లోనే. సైనికుల బోర్డు కథ ఏ ఊరి మీద కట్టారో ఆ ఊరి మనిషే దాన్ని కాదని వేరే మాట చెప్పాడంటే దానికి విలువ ఇవ్వాలి. ఫొహొబొదో అంతకుముందు ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర మాత్రం పండితులది తలో మాట. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన బంటూ భాషల వాళ్ళ మాట అని ఒకరంటే, ఫ్రెంచి సంగీత పదం 'ఫో బుర్దోఁ' స్పెయిన్‌లోని గలీసియా భాష మీదుగా వచ్చి అలా మారిందని ఎవనిల్దు బెషార అనే వ్యాకరణవేత్త అన్నారు. ఆ వాదం ఎటు తేలినా ఇంగ్లీషు బోర్డుకి అందులో చోటు లేదు.

ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. ఈశాన్య బ్రెజిల్ లోపలి ప్రాంతాన్ని సెర్తావు అంటారు. వానలు నమ్మలేని మెట్ట నేల. 1877 నుంచి 1879 దాకా వచ్చిన కరువులో లక్షల మంది చచ్చిపోయారు. ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలవలు 1852 నుంచి మనకి ఏమిచ్చాయో తెలిసిన డెల్టా వాళ్ళకి, ఏ కాలవా లేని అలాంటి చోట బతుకు ఎలా ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ కరువు నేల మీది జనం తమ తీరిక రాత్రికి తామే పెట్టుకున్న పేరుని తీసి, దొరగారి ధర్మబుద్ధి ఖాతాలో వెయ్యడం అన్యాయమని మా నిశ్చితాభిప్రాయం. మన గరగల వాళ్ళకీ, డప్పు వాళ్ళకీ అలా జరిగితే మనం ఊరుకోం.

వ్యాసంతో పాటు వేసిన ఫోటో కూడా ఫొహోది కాదు. నెత్తిన ఈకల కిరీటాలు, మెరుపు బట్టలు రియో కార్నివాల్‌లో సాంబా పాఠశాలల ఊరేగింపువి. ఫొహోకి ప్రత్యేకమైన వేషం లేదు. గళ్ళ చొక్కా, పూల గౌను, కాళ్ళకి తోలు చెప్పులు, అంతే. అలాగే ఫోటో కింద 'లంబాడా తరహా నాట్యం' అని రాశారు. లంబాడా వేరు. అది అమెజాన్ నది సముద్రంలో కలిసే పారా రాష్ట్రంలో పుట్టి, 1989లో కావోమా బృందం పాటతో ప్రపంచమంతా తిరిగింది. ఆ పేరుకి పోర్చుగీసులో కొరడా దెబ్బ అని అర్థం. మన లంబాడీలకీ దానికీ ఏ సంబంధం లేదని కూడా ఈ సందర్భంలో చెప్పడం మంచిది, ఎందుకంటే ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

ఫొహో అన్నది మొదట ఆ రాత్రి జరిగే సందడికి పేరు, తర్వాత అక్కడ వాయించే సంగీతానికి, ఆపైన దానికి ఆడే నాట్యానికి పేరైంది. అందుకే ఫొహో అంటే ఒకే తాళం కాదు. నిదానంగా నడిచే షోచి, మధ్య వేగంలో బయావ్, పరుగెత్తే అహస్తా-పె, అన్నీ ఈ గొడుగు కిందివే. వీటిని దేశమంతా వినిపించినవాడు లూయిజ్ గొంజాగ. 1912 డిసెంబరు 13న పెర్నంబూకు రాష్ట్రం ఎషూలో పుట్టాడు (పైన చెప్పిన షికీన్య గొంజాగకీ ఈయనకీ చుట్టరికం లేదు). 1946లో ఉంబెర్తు తెషేరతో కలిసి కట్టిన పాటతో బయావ్‌ని పట్నాల్లోకి తెచ్చాడు. 1949లో తన రికార్డు పేరులో ఫొహో అన్న మాట వాడాడు. ఆయన పుట్టిన రోజునే బ్రెజిల్ 2005 చట్టం ప్రకారం జాతీయ ఫొహో దినంగా జరుపుకుంటోంది. 2021 డిసెంబరులో ఆ దేశపు వారసత్వ సంస్థ సంప్రదాయ ఫొహోని జాతి సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. మీ వ్యాసంలో దీన్ని 'క్లబ్ డాన్సు' అన్నారు. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండక్కి, మొక్కజొన్న చేతికొచ్చే రోజుల్లో, వీధిలో నెగడు వేసి ముసలీ ముతకా పిల్లా పీచూ ఆడేదాన్ని క్లబ్ డాన్సు అనలేం. పరైబ రాష్ట్రంలోని కంపీన గ్రాండి, పెర్నంబూకులోని కరువారు, ఈ రెండు ఊళ్ళూ మా పండగ పెద్దదంటే మా పండగ పెద్దదని పోటీ పడి నెల పొడుగునా చేస్తాయి.

సంగీతం మూడు వాద్యాలతో నడుస్తుంది. మెడలో వేసుకుని రెండు చేతులా వాయించే హార్మోనియం లాంటిది సాన్‌ఫోన, మనం అకార్డియన్ అంటాం. రెండోది జబుంబ. 16 నుంచి 22 అంగుళాల వెడల్పు, లోతు తక్కువ ఉన్న డోలు. భుజానికి వేలాడదీసి, పైతోలు మీద మెత్తటి తల ఉన్న కర్రతో లావు దెబ్బ, కిందితోలు మీద సన్నటి పుల్లతో చిటుకు దెబ్బ వేస్తారు. ఆ సన్న పుల్లని బకల్యావు అంటారు. మూడోది ఇనప త్రికోణం.

ఇందులో డోలు వాళ్ళకి నచ్చే సంగతి ఒకటుంది. బయావ్ ఒక ఆవృత్తాన్ని ఎనిమిది చిన్న మాత్రలుగా విడదీసి 'తకిట తకిట తక' అనండి. మొదటి 'త' మీద ఒక లావు దెబ్బ, రెండో తకిటలోని 'త' మీద, అంటే నాలుగో మాత్ర మీద, ఇంకో లావు దెబ్బ. మూడో 'త' దగ్గర లావు దెబ్బ పడదు గానీ, విడుపు అక్కడే ఉంటుంది. మధ్యలో సన్న పుల్ల చిటుకులు నింపుతుంది. ఆడేవాళ్ళ కాళ్ళు మాత్రం ఒకటో మాత్ర మీద, అయిదో మాత్ర మీద పడతాయి, అంటే 'తకధిమి తకజణు' లెక్కన. చేతిది మూడు మూడు రెండు, కాలిది నాలుగు నాలుగు. ఈ రెంటి మధ్య లాగుడే ఫొహోలోని హుషారంతా. కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. నాలుగో మాత్ర మీద డోలు గట్టిగా మోగేసరికి కాలు దాని వెంట పోతుంది, అయిదుకి ముందే అడుగు పడిపోతుంది. రెండు ఆవృత్తాలు తిరిగేసరికి జోడీ చెరో తాళంలో ఉంటారు. దీనికి మందు త్రికోణమే. అది ప్రతి నాలుగు మాత్రల్లో మూడోదాన్ని వదిలి మోగిస్తుంది, మిగతా మూడూ వేళ్ళతో బిగించి నొక్కేస్తుంది. చిక్ చిక్ టింగ్ చిక్, చిక్ చిక్ టింగ్ చిక్. టింగ్ అన్నది గాలిలో, అంటే అడుగుకీ అడుగుకీ సరిగ్గా మధ్యలో. చెవి దాని మీద పెడితే కాలు దారి తప్పదు.

త్రికోణం కొనక్కర్లేదు. వెల్డింగ్ షాపులో 10 మిల్లీమీటర్ల నున్నటి ఊచ తీసుకుని, వైపుకి 20 నుంచి 25 సెంటీమీటర్ల చొప్పున వంచి, ఒక మూల అతకకుండా వేలు దూరేంత ఖాళీ వదిలేయమనండి. మూడు మూలలూ వెల్డింగ్ పెడితే ఆ మోత రాదు. స్లాబులకి వాడే గీతల ఊచ వద్దు, వాయించే పుల్ల గీతల్లో తట్టుకుంటుంది.

హార్మోనియం వాళ్ళకి ఇంకో మాట. ఆ ప్రాంతపు పాటల్లో ఎక్కువ భాగం కైశిక నిషాదంతో నడుస్తాయి. శుద్ధ మధ్యమం ఉన్నవి మన హరికాంభోజి స్వరాలే. ప్రతి మధ్యమం ఉన్నవి సరిగ్గా వాచస్పతి స్వరాలు, షడ్జమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశిక నిషాదం. గమకాలు ఉండవు, రాగ సంచారం ఉండదు కాబట్టి అది వాచస్పతి రాగం అయిపోదు. కానీ పద్య నాటకాలకి వాయించే చెయ్యి ఉన్నవాళ్ళకి ఆ మెట్లు కొత్తవి కావు. ఒక హార్మోనియం, ఒక డోలు, వెల్డింగ్ షాపు త్రికోణం ఉంటే డీజే లేకుండానే ఒక చిన్న ఇంటి ఫంక్షన్ నడిపించవచ్చు. డోలుతో ఒక్క జాగ్రత్త. వానాకాలంలో మన గాలి తేమకి తోలు వదులై లావు దెబ్బ చచ్చుగా వస్తుంది. వాయించే ముందు తోలు బిగించుకోవాలి, మధ్యలో మళ్ళీ చూసుకోవాలి.

ఇప్పుడు అడుగులు. మీ వ్యాసం 'ముందుకు మూడు అడుగులు దూకి, గుండ్రంగా తిరిగి, నడుము ఊపాలి' అని చెప్పింది. అలా చేస్తే పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుతారు, నడుము పట్టేస్తుంది. ఫొహో నేల విడిచి చేసే సాము కాదు. పాదం నేలకి రాసుకుంటూనే కదులుతుంది.

మొదలు షోచి పాటతో పెట్టాలి, బయావ్‌తో కాదు. దాని మూల అడుగుని అక్కడివాళ్ళు 'రెండు అటు, రెండు ఇటు' అంటారు. నడిపించే మనిషి ఎడమ కాలు పక్కకి వేస్తారు, ఒకటి. కుడి కాలు తెచ్చి దాని పక్కన బరువు పెట్టి నిలుపుతారు, రెండు. మళ్ళీ ఎడమ కాలు పక్కకి, మూడు. కుడి కాలు దగ్గరికి తెచ్చి వేళ్ళు మాత్రం నేలకి ఆనిస్తారు, బరువు పెట్టరు, నాలుగు. ఇప్పుడు అదే కుడి కాలితో కుడి వైపుకి తిరుగు ప్రయాణం. ఎదుటి మనిషి ఇదంతా అద్దంలో చూసినట్టు కుడి కాలితో మొదలుపెడతారు. ఒక్కో అడుగు జానెడు దాటకూడదు. మోకాళ్ళు కాస్త వదులుగా, బరువు పాదం ముందు భాగం మీద, మడమ ఊరికే నేలని తాకుతూ ఉండాలి. నడుము ప్రత్యేకంగా ఊపక్కర్లేదు. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి పూర్తిగా మారితే మోకాలు దానంతటదే వంగుతుంది, నడుము దాని వెంట కదులుతుంది. బరువు సగమే మార్చి నడుము తిప్పితే అది నకిలీ అని చూసేవాళ్ళకి కూడా తెలిసిపోతుంది.

నూటికి తొంభై పాళ్ళు చెడేది నాలుగో లెక్క దగ్గర. ఆనించాల్సిన కాలి మీద బరువు పెట్టేస్తారు. పెట్టగానే అయిదో లెక్కకి కావలసిన కాలు బందీ అయిపోతుంది, రెండో కాలు వేస్తారు, జోడీ మోకాలూ మోకాలూ కొట్టుకుంటుంది. దీన్ని పట్టుకోవడానికి తేలిక పరీక్ష ఉంది. నాలుగు అనగానే ఆగిపొమ్మని చెప్పి, ఆనించిన కాలు పైకి ఎత్తమనండి. తూలకుండా ఎత్తగలిగితే బరువు సరిగా ఉన్నట్టు. తూలితే ఆ నాలుగు లెక్కలే మళ్ళీ. ఒంటరిగా ఇది కుదిరే దాకా జోడీ కట్టించకూడదు. ఇద్దరి తప్పులూ కలిస్తే ఎవరిది ఎవరిదో తేల్చడం కష్టం, పైగా ఒకరినొకరు తప్పు పట్టుకుంటారు.

రెండో మూల అడుగు ముందుకీ వెనక్కీ. నడిపించేవారు ఎడమ కాలు ముందుకి, కుడి కాలు ఉన్నచోటే బరువు మార్చి, ఎడమ కాలు వెనక్కి తెచ్చి పక్కన, ఒక లెక్క ఆగి, కుడి కాలు వెనక్కి, ఎడమ కాలు ఉన్నచోటే, కుడి కాలు పక్కన, మళ్ళీ ఆగడం. పట్నాల్లో, ముఖ్యంగా 1990ల చివర సావో పావ్లో కాలేజీ కుర్రకారు పెంచి పోషించిన శైలిలో, ఇదే పునాది. మలుపులన్నీ దీని మీదే కడతారు. బయావ్ పాటలకి కూడా ఇవే అడుగులు, ఇంకా చిన్నవిగా. అహస్తా-పె వేగంలో ఆగడాలు ఉండవు, దెబ్బకో అడుగు చొప్పున ఎడమ కుడి ఎడమ కుడి పాదాలు ఈడుస్తూ పోవడమే. ఆ పేరుకి అర్థం కూడా పాదం ఈడ్చడమే.

పట్టు గురించి వ్యాసంలో అసలు లేదు. నడిపించేవారి కుడి ముంజేయి ఎదుటివారి వీపు చుట్టూ వచ్చి, అరచేయి వీపు రెక్క ఎముక కింద పరుచుకుంటుంది. వేళ్ళతో నొక్కకూడదు. ఎదుటివారి ఎడమ చేయి భుజం మీదుగా వాలుతుంది. రెండో జత చేతులు భుజం ఎత్తులో, మోచేతులు వంచి. ఇద్దరూ ఎదురెదురుగా బొటనవేళ్ళు తగిలేలా నిలబడకూడదు. ఒకరు రవ్వంత ఎడమకి జరిగితే ఇద్దరి కుడి పాదాలూ ఎదుటివారి రెండు పాదాల మధ్య ఖాళీకి ఎదురుగా వస్తాయి. కాళ్ళు తొక్కుకోవడం సగం ఇక్కడే ఆగిపోతుంది. నడిపించడం చేతులతో కాదు, ఛాతీతో. తమ బరువు ఎటు పోతే అటు ఎదుటివారికి వీపు మీద అరచేతిలో తెలుస్తుంది. చేతుల్ని స్టీరింగ్ చేసి తిప్పితే ఎదుటివారు బిగుసుకుంటారు, ఒకసారి బిగుసుకుంటే ఆ పాట అయ్యేదాకా విడవరు.

దగ్గరి పట్టు మన ఇళ్ళల్లో చాలామందికి ఇబ్బంది. దానికోసం ఈ నాట్యాన్ని వదులుకోనక్కర్లేదు. మధ్యలో మూరెడు ఎడం వదిలి, రెండు చేతులూ పట్టుకుని ఆడే తెరిచిన పట్టు ఫొహోలో ఎప్పుడూ ఉన్నదే. అన్నాచెల్లెళ్ళు, వదినా ఆడపడుచులు, అమ్మమ్మా మనవడూ అలా ఆడుకోవచ్చు. ఆడదామా అని అడగడం, వద్దంటే నవ్వి పక్కకి తప్పుకోవడం మాత్రం మొదటి రోజే నేర్పాలి. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు జోడీ కట్టినా అడుగు మారదు, ఎవరు నడిపించాలో ముందే అనుకుంటే చాలు.

మలుపు ఒక్కటి చెబుతాం, సంగీత్‌కి అది చాలు. నడిపించేవారు ఎడమ వైపుకి వెళ్ళే ఒకటీ రెండూ మూడూ లెక్కల్లో ఎదుటివారు తమ కుడి వైపుకి వెళ్తుంటారు కదా, ఆ మూడు అడుగుల్లోనే తమ కుడి భుజం వెనక్కి పోయేలా ఒక చుట్టు పూర్తి చేసి, నాలుగుకి కాలు ఆనించి ఎదురుగా నిలబడతారు. నడిపించేవారు చెయ్యాల్సిందల్లా, అంతకుముందు నాలుగో లెక్కలోనే ఎడమ చేతిని ఎదుటివారి నుదుటి పైకి ఎత్తడం. ఒకటి పడ్డాక ఎత్తితే ఆలస్యం, మలుపు రెండు అడుగుల్లో కుక్కాల్సి వస్తుంది. చేతిని పిడికిలిగా పట్టుకోకూడదు. రెండు వేళ్ళు కిందికి చాపితే ఎదుటివారి వేళ్ళు వాటి చుట్టూ వదులుగా తిరగాలి. గట్టిగా పట్టుకుని తిప్పితే మణికట్టు మెలిపడుతుంది, గాజులు పగిలి గీసుకుంటాయి. పట్టుచీరతో ఆడేవాళ్ళు కుచ్చిళ్ళు చీలమండ దాకా ఎత్తి కట్టుకోవాలి, చెంగు దోపుకోవాలి.

నేల సంగతి మన వైపు ప్రత్యేకంగా చూసుకోవాలి. ఫొహో పుట్టింది దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి తొక్కిన మట్టి నేల మీద. మన కళ్యాణ మండపాల్లో నున్నటి గ్రానైటు, టైల్సు. దాని మీద ఒక కూల్‌డ్రింకు ఒలికితే, లేదా ఉక్కపోతకి చెమట బొట్లు పడితే జారిపడటం ఖాయం. మేజోళ్ళతో ఆడనివ్వకండి. దీనికి విరుగుడని స్పోర్ట్స్ బూట్లు వేసుకుంటారు, అదీ మంచిది కాదు. రబ్బరు అడుగు నేలని పట్టేస్తుంది, పాదం ఆగిపోయి ఒళ్ళు తిరుగుతుంది, మెలిక మోకాలికి తగులుతుంది. హవాయి చెప్పులు మలుపులో ఊడిపోతాయి. మడమ వెనక పట్టీ ఉన్న చదును తోలు చెప్పులే అన్నిటికన్నా మేలు. హైహీల్స్ వేసుకునేవాళ్ళు కనీసం ఆడేటప్పుడు మార్చుకోవాలి. ఒక పొడిగుడ్డ పట్టుకుని పక్కన ఒక మనిషిని ఉంచండి. ఇంటి డాబా మీది సిమెంటు గచ్చు, సాయంత్రం నీళ్ళు చల్లి ఆరనిచ్చాక, నేర్చుకోవడానికి చాలా బాగుంటుంది.

పాటల ఎంపిక కూడా అడుగుని చెడగొట్టగలదు. ఫొహో అని వెతకగానే వచ్చేవాటిలో ఎక్కువ కీబోర్డు, డ్రమ్స్‌తో చేసిన ఎలక్ట్రానిక్ రకం, 1990ల నుంచి ఫోర్తలేజా నగరంలో పెరిగింది. ఆడటానికి అదీ బాగుంటుంది గానీ, అందులో త్రికోణం వినపడదు కాబట్టి నేర్చుకునేవాళ్ళకి పనికిరాదు. పేరుకి 'పె ద సెహ' (pé de serra) అని జోడించి వెతికితే మూడు వాద్యాల పాత రకం దొరుకుతుంది. డీజేకి ఒక్క మాట ముందే చెప్పాలి, బాక్సుల్లో బాస్ తగ్గించమని. మన డీజే బాక్సులు పూర్తి మోతలో ఉంటే జబుంబ లావు దెబ్బ ఒక్కటే వినిపిస్తుంది, నాలుగో మాత్ర అందరినీ లాక్కుపోతుంది. రెండు షోచిలు, ఒక బయావ్, మళ్ళీ ఒక షోచి, చివర అహస్తా-పె, ఈ వరసలో పెడితే కొత్తవాళ్ళకి ఊపిరి అందుతుంది.

మీ అనుబంధం చూసి నేర్చుకునేవాళ్ళు ఉన్నారు. ఎలాగూ డిసెంబరు 13 వస్తుంది. ఆ వారం ఫొహో గురించి మళ్ళీ రాస్తే, పేరు పుట్టుకని సరిదిద్ది, ఈకల ఫోటో తీసేసి, సాన్‌ఫోన, జబుంబ, త్రికోణం మూడూ కనిపించే ఫోటో వేయండి. పాదాలు ఎక్కడ పడాలో చూపే బొమ్మ ఒకటి ఉంటే ఇంకా మంచిది. నాలుగు లెక్కలకి నాలుగు గళ్ళు, బరువు ఉన్న పాదం నల్లగా నింపి, ఆనించిన పాదం గీతగా మాత్రమే గీయించండి. నాలుగో గడిలో ఆ తేడా కళ్ళకి కనిపించాలి. అలాంటి బొమ్మ కావాలంటే మేము గీసి పంపిస్తాం.

ఇట్లు,
జంట నాట్యాలు నేర్పేవాళ్ళం, హార్మోనియం, డోలు వాద్యకారులం,
అమలాపురం, కోనసీమ.